ఇంటర్ కూలర్ చైతన్య పక్షోత్సవాలు

మా డిపో బస్సుల్లో ఇంటర్ కూలర్ అనే వస్తువు ఒకటుందని మా ఆఫీసుకి తెలిసింది పోయిన శ్రావణంలో. అంతకు ముందు ఎనిమిదేళ్ళుగా అది బస్సు ముక్కు వెనకాల కూర్చుని తన పని తాను చేసుకుపోతూ ఉండేదట. దాని సంగతి ఏ అధికారికీ తెలియకపోవడం వల్లనే అది అన్నాళ్ళు బాగా పనిచేసిందని నా అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని నేను ఏ ఫైల్లోనూ రాయలేదు. ఇరవై రెండేళ్ళుగా డిపో ఆఫీసులో గుమస్తాగా ఉన్నవాణ్ణి, ఆ మాత్రం తెలివి నాకుంది.

జరిగిందేమిటంటే, ప్రధాన కార్యాలయంలో ఒక పెద్దాయన ఎక్కడో సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ ఇంటర్ కూలర్ గురించి గంటసేపు చెప్పారట. ఆ గంటా ఈయన మేలుకునే ఉన్నారట. మూడో రోజుకల్లా అన్ని డిపోలకీ సర్క్యులర్ వచ్చేసింది.

"టర్బో యంత్రముల సామర్థ్యవృద్ధికి ఇంటర్ కూలర్ ఒనర్చుచున్న అమూల్య సేవలను సిబ్బందియు, ప్రయాణికులును, సామాన్య ప్రజానీకమును గుర్తెరుగునట్లు చేయు నిమిత్తము, ఒకటవ తేదీ మొదలు పదిహేనవ తేదీ వరకు ఇంటర్ కూలర్ చైతన్య పక్షోత్సవములు ఘనముగా నిర్వహింపవలెను."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కింద ఒక తోక తగిలించారు. "ముగింపు దినమున జరుపు పరీక్షలో లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇవ్వజాలని సర్వీసులు చైతన్యరహితములుగా పరిగణింపబడి రద్దు చేయబడును."

ఆ తోక చదవగానే మైలేజీ రిజిస్టరు తీసి చూశాను. మిగతా బస్సులకేం, చదునైన రోడ్డు మీద ఐదున్నర ఇస్తాయి. భయమంతా ఆరో నంబరు సర్వీసు గురించే. అది గుమ్మలగుడకి వెళ్ళే బస్సు. ఇరవై రెండు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ముప్ఫై మూడు మలుపులు. దారిలో పదకొండు ఊళ్ళున్నాయి, ఆ ఊళ్ళన్నిటికీ ఆ ఒక్క బస్సే గతి. పొద్దున్నే కొండమీది ఆడవాళ్ళు బంతిపూలూ చిక్కుళ్ళూ గంపలకెత్తుకుని అందులో సంతకి దిగుతారు, మధ్యాహ్నం బియ్యమూ నూనే కొనుక్కుని అందులోనే ఎక్కుతారు. ఏడేళ్ళుగా ఆ బస్సు నడుపుతున్న డ్రైవరు సన్నిబాబు, మలుపు మలుపుకీ కాలుతో నూకలు ఏరినట్టు నడిపి, దానిచేత లీటరుకి నాలుగూ ఏడు తెప్పిస్తున్నాడు. అంటే గండానికి రెండు పాయింట్లు అవతల ఉన్నామన్నమాట.

మా డిపో మేనేజరు కామేశం గారు మంచివారు. పైనుంచి వచ్చిన కాగితానికి ఎదురు చెప్పే గుణం మాత్రం ఆయన ఒంట్లో లేదు. సర్క్యులర్ రెండుసార్లు చదివి, "లింగమూర్తి గారూ, ఇంతకీ ఇంటర్ కూలర్ అనగానేమి?" అని నన్నడిగారు. నాకూ తెలియదు. గ్యారేజీ నుంచి హెడ్ మెకానిక్ గవర్రాజుని పిలిపించాం.

గవర్రాజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏటి లేదు సార్. టర్బో అంటే గాలిని కుక్కే మిషను. ఇంజనులోకి ఎంత గాలి కుక్కితే అంత డీజిలు బాగా మండుతాది, అంత లాగుడొస్తాది. అయితే గాలిని కుక్కితే ఏటవుతాది? కాలిపోతాది. సైకిల్ పంపు కొట్టినప్పుడు కింద గొట్టం మీద సెయ్యెట్టి సూడండి, సుర్రుమంటాది."

"అయితే?"

"కాలిన గాలి కాళ్ళు బార్లా సాపుకుని కూకుంటాది సార్, ముగ్గురు కూకునే సీట్లో ఒక్కడే కూకున్నట్టు. అదే సల్లారితే బుద్దిగా ముడుసుకుంటాది, ఇంకిద్దరికి సోటిస్తాది. అలగ సల్లార్సేదే ఇంటర్ కూలరు. బస్సు ముక్కుకాడ సన్న రేకుల పెట్టె. బస్సు పోతన్నప్పుడు ఎదురుగాలి ఆ రేకుల్లోంచి దూరిపోతాది, లోపలి గాలి సల్లబడతాది. మా సన్నిబాబు కొండెక్కుతున్నాడంటే సగం దాని పున్నెమే."

నిజం చెప్పొద్దూ, నాకు అబ్బురమనిపించింది. ఎదురుగాలి తగిలితే చాలు, ఇంకేమీ అడగదు. మా డిపోలో ఏమీ అడగకుండా పనిచేసేది అదొక్కటే ఉన్నట్టుంది. కామేశం గారు కూడా, "భేష్, ఎంత సులువుగా చెప్పావోయ్" అని మెచ్చుకున్నారు.

ముప్ఫయ్యో తేదీన ప్రధాన కార్యాలయం నుంచి ఫ్లెక్సీలు దిగాయి. ఒక్కోటి ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. పైన ఐదుగురు పెద్దల ఫొటోలు. మధ్యలో ఇంటర్ కూలర్ బొమ్మ, దానికి నీలం రంగు బాణం, బాణం పక్కన 'ఇచ్చట చల్లని గాలి ప్రవేశించును' అని అక్షరాలు. వాటిని ఎక్కడ కట్టాలో ఉత్తర్వులోనే ఉంది. "ప్రతి వాహనము యొక్క ముందు భాగమున, అద్దమునకు దిగువగా, ప్రజలకు స్పష్టముగా గోచరించునట్లు బిగువుగా కట్టవలెను."

గ్యారేజీలో ఆరో నంబరు బస్సుకి మొట్టమొదటి ఫ్లెక్సీ కట్టారు. కొలిచి వేశారో ఏమో గానీ, బొమ్మలోని ఇంటర్ కూలర్ సరిగ్గా అసలు ఇంటర్ కూలర్ మీదికే వచ్చింది. గాలి ప్రవేశించే చోట, గాలి ప్రవేశించును అని రాసి, మూసేశాం.

గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఓలమ్మో! ముక్కు మూసీసి ఊపిరి పీల్సమంటే ఎలగండి?"

"నీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వవయ్యా, పైకి పంపిస్తాను" అన్నారు కామేశం గారు. వాడు చెప్పాడు, నేను రాశాను, ఆయన పంపారు. నాలుగో రోజున జవాబు వచ్చింది.

"ఫ్లెక్సీ వలన ఇంటర్ కూలరునకు గాలి అందుట లేదని అర్జీదారు వ్రాసియున్నాడు. ఇంటర్ కూలరునకు గాలి అత్యావశ్యకమను విషయము సదరు ఫ్లెక్సీపై పెద్ద అక్షరములతో ముద్రింపబడియే యున్నది. అర్జీదారు ఫ్లెక్సీని శ్రద్ధగా చదువవలెను."

గవర్రాజు నిజంగానే వెళ్ళి, ఫ్లెక్సీ ముందు నిలబడి, మొదటి నుంచి చివరిదాకా చదివి వచ్చాడు. "అన్నీ నిజాలే రాసినారండి" అన్నాడు.

ఈ లోపల ఆరో నంబరు బస్సు తిప్పలు మొదలయ్యాయి. మునుపు సన్నిబాబు మూడో గేరులో ఊదుకుంటూ ఎక్కే మలుపుల్లో ఇప్పుడు ఫస్టు గేరు వేసినా బస్సు మూలుగుతోంది. వెనకాల నల్లటి పొగ. వేడి ముల్లు ఎర్రగీత దాటుతోంది. నాలుగో మలుపు దగ్గర జనాన్ని దింపెయ్యడం, మూటలు మాత్రం బస్సులో ఉంచి వాళ్ళని పక్కన నడిపించడం, చదునొచ్చాక ఎక్కించుకోవడం. మైలేజీ మూడూ తొమ్మిదికి పడిపోయింది. మిగతా బస్సులు కూడా కాస్త కాస్త తగ్గాయి గానీ వాటికి తగ్గడానికి చోటుంది.

మైలేజీ తగ్గిందని పైకి రాశాం. దానికి ప్రధాన కార్యాలయం వారు చింతించి, చైతన్య ప్రత్యేకాధికారి పరాంకుశం గారిని పంపారు. పరాంకుశం గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ సభలో మాట్లాడుతున్నట్టే మాట్లాడతారు. లెక్కలన్నీ చూసి, కళ్ళజోడు తీసి, "కారణము సుస్పష్టము. చైతన్యము చాలలేదు" అని తేల్చారు.

ఆ మర్నాటి నుంచి డ్యూటీ ఎక్కే ముందు ప్రతిజ్ఞ. డ్రైవర్లంతా బస్సుల ముందు వరసగా నిలబడి, కుడిచెయ్యి చాపి, "నా ఇంటర్ కూలరును నేను గౌరవింతును, దాని సేవలను సదా స్మరింతును" అని చెప్పాలి. అసలుది కనపడదు గనక ఫ్లెక్సీ వంకే చెయ్యి చాపేవాళ్ళు. ప్రతిజ్ఞకి పదిహేను నిమిషాలు పట్టేది, అంతసేపూ ఇంజన్లు ఊరికే తిరుగుతూ డీజిలు తాగేవి. మైలేజీ మూడూ ఏడయింది. పరాంకుశం గారు రెండో ఫ్లెక్సీ మంజూరు చేశారు. మొదటిదాని మీద కట్టమన్నారు.

గవర్రాజు వదిలే రకం కాదు. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టేవాళ్ళు గాలికి చిరిగిపోకుండా అక్కడక్కడ అర్ధచంద్రాకారంలో కోస్తారు చూడండి, అది వాడికి గుర్తొచ్చింది. "సార్, ఫ్లెక్సీలు సిరిగిపోతన్నాయి, పెద్దల బొమ్మలకి అవమానం. గాలికి బొక్కలెట్టుకోడానికి పర్మిషనీయండి" అని అర్జీ పెట్టాడు. వాడి తెలివికి నేను లోలోపల మురిసిపోయాను. అనుమతి కూడా వచ్చింది, అయితే షరతులతో. రంధ్రములు పెద్దల ఛాయాచిత్రములపై ఉండరాదు. అక్షరములపై ఉండరాదు. ఇంటర్ కూలరు చిత్రముపైనను, బాణపు గుర్తుపైనను అసలే ఉండరాదు. ఇవన్నీ పోగా మూలల్లో నాలుగు వేళ్ళ జాగా మిగిలింది. అక్కడ రెండు బొక్కలు పెట్టాం. వాటిలోంచి హెడ్‌లైట్లకి బాగా గాలి ఆడేది.

తొమ్మిదో రోజున పరాంకుశం గారు జీపులో వస్తూ ఘాట్ మీద ఆరో నంబరు బస్సుని చూశారు. ముందు బస్సు మూలుగుతూ పోతోంది, వెనకాల నలభై మంది కొంగులు బిగించి కొండెక్కుతున్నారు. ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయట. జీపు ఆపించి ఫొటో తీయించారు. సాయంత్రం నన్ను పిలిచి నివేదిక చెప్పి రాయించారు. 'ఇంటర్ కూలరునకు మద్దతుగా గిరిజన సోదరీమణుల స్వచ్ఛంద చైతన్య నడక.' నేను రాశాను. చేతిరాత కూడా బాగా కుదిరింది.

ఆ నివేదిక నోటీసు బోర్డుకి అంటించిన రోజునే కొర్రా చిలకమ్మ మా ఆఫీసుకొచ్చింది. గుమ్మలగుడ పక్క ఊరు ఆమెది, వారానికి ఐదు రోజులు బంతిపూలు దింపుతుంది. గుమ్మం దగ్గరే నిలబడి బోర్డు మీది ఫొటో చూసింది. అందులో అందరికన్నా ముందు నడుస్తున్నది ఆమే.

"బాబూ, మేం ఏటి తప్పు సేసినామని నడిపిస్తన్నారు?" అంది.

"తప్పు కాదమ్మా..." అంటూ వెళ్ళి బోర్డుకి అడ్డంగా నిలబడ్డాను.

"పొద్దున్నే బస్సు పైకెక్కనేక ఎక్కనేక వచ్చేసరికి పొద్దెక్కిపోతంది. మేం దిగేసరికి సంత అయిపోతంది. మొన్న పూలన్నీ వాడిపోనాయి, అక్కడే పారబోసి ఎల్లిపోనాను. ఇప్పుడు బస్సే తీసీస్తారంట కదా? సన్నిబాబు సెప్పినాడు. తీసీస్తే ఆ గంప నెత్తినెట్టుకుని నేను దిగలేను బాబూ. నా మోకాళ్ళు పోనాయి. పూలెయ్యడం మానీడమే."

నాకు సిగ్గేసింది. స్వచ్ఛంద నడక అని రాసింది నా చెయ్యే. ఇరవై రెండేళ్ళలో నా రాత వల్ల ఒక మనిషి మోకాళ్ళకి ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ తెప్పించి, "బస్సు పోదులే అమ్మా, నేను చూస్తాను" అనేశాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించాను. ఫ్లెక్సీ తీసెయ్యండి అంటే తియ్యరు. గాలి అందడం లేదంటే చదవమంటారు. వీళ్ళకి వీళ్ళ భాషలోనే చెప్పాలి. కాగితం తీసి నోట్ రాశాను.

"వాహనము ముందు భాగమున కట్టిన ఫ్లెక్సీని ఎదురుగా వచ్చువారు క్షణకాలము మాత్రమే వీక్షింపగలుగుచున్నారు. ఘాట్ మార్గమున వెనుక వచ్చు లారీల వారు దాటుటకు వీలులేక, గంటసేపు వాహనము యొక్క వెనుక భాగమునే చూచుచుందురు. కావున ఫ్లెక్సీలను వెనుకకు మార్చినచో చైతన్యము అనేక రెట్లు విస్తరించునని విన్నవించుకొనుచున్నాను."

పరాంకుశం గారు అది చదివి కుర్చీలోంచి లేచారు. "లింగమూర్తి గారూ! ఇన్నాళ్ళూ మీరు గుమస్తాగా ఎందుకుండిపోయారండీ? ఇది దార్శనికత!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. అక్కడికక్కడే ప్రయోగాత్మకంగా ఆరో నంబరు సర్వీసుకి అనుమతి రాసిచ్చారు.

ముగింపు రోజుకి ముందు మధ్యాహ్నం గవర్రాజు రెండు ఫ్లెక్సీలూ విప్పి బస్సు వెనక్కి కట్టాడు. విప్పాడు కదా అని ఇంటర్ కూలర్ రేకులు కూడా చూశాడు. ఎనిమిదేళ్ళ దుమ్మూ, పురుగులూ, ఎండుటాకులూ అట్టకట్టి ఉన్నాయట. మెత్తటి బ్రష్షు పెట్టి, నీళ్ళు కొట్టి, పసిపిల్లకి స్నానం చేయించినట్టు కడిగాడు. సన్నిబాబు పక్కనే నిలబడి లాంతరు పట్టుకున్నవాడిలా వంగి వంగి చూశాడు. "గవర్రాజూ, రేపు నా బండి ఎక్కుతాదా?" అని పదిసార్లు అడిగాడు.

"ఎక్కడమేటి, ఎగురుతాది" అన్నాడు గవర్రాజు.

మర్నాడు పరీక్ష. ముందు సీట్లో పరాంకుశం గారు, ఆయన వెనక కామేశం గారు, నేను, గవర్రాజు. వెనకంతా సంత నుంచి తిరిగెళ్ళే ఆడవాళ్ళు, బియ్యం మూటలు. చిలకమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నాలుగో మలుపు దగ్గర అలవాటు కొద్దీ అందరూ లేచి నిలబడ్డారు, దిగాలేమోనని.

"కూకోండర్రా, కూకోండి!" అని అరిచాడు సన్నిబాబు. మూడో గేరు. బస్సు మలుపు తిరిగింది. మూలుగు లేదు, పొగ లేదు. ఐదో మలుపు, ఆరో మలుపు. ఎదురుగాలి ముక్కులోంచి దూరుతున్న చప్పుడు సన్నటి ఈలలా వినపడుతోంది. పదో మలుపు దాటాక ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు.

పరాంకుశం గారు మాత్రం పక్క అద్దంలోంచి వెనక్కే చూస్తున్నారు. వెనకాల ఒక లారీ వస్తోంది, దాని డ్రైవరు సైడు కోసం హారను మీద హారను కొడుతున్నాడు.

"చూచితిరా! చదువుచున్నాడు. ఆనందము పట్టలేక హారను మ్రోగించుచున్నాడు!" అన్నారాయన.

గుమ్మలగుడలో డీజిలు కొలిచారు. ఐదూ రెండు! ఆ కొండ మీద ఆ అంకె ఎవరూ చూడలేదు. సన్నిబాబు స్టీరింగు మీద తల వాల్చేసి ఏడ్చాడు. చిలకమ్మ సంతలో అమ్ముడుపోక మిగిలిన బంతిపూల దండ తెచ్చి బస్సు ముక్కుకి వెయ్యబోతే, గవర్రాజు పరిగెత్తుకెళ్ళి, "ముక్కుకొద్దమ్మా, నీకు దండం పెడతాను, అద్దానికెయ్యి!" అని చెయ్యి పట్టుకున్నాడు. అందరం నవ్వుకున్నాం. ఆరో నంబరు బస్సు నిలిచింది. ఆ రాత్రి ఇంటికెళ్ళి మా ఆవిడతో, "నా రాత వల్ల ఒక మంచి పని జరిగిందోయ్" అని చెప్పుకున్నాను కూడా.

ఎనిమిది రోజులు బస్సు హాయిగా నడిచింది. తొమ్మిదో రోజున ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది.

"ఇంటర్ కూలర్ చైతన్య పక్షోత్సవముల ఫలితముగా రాష్ట్రములో అత్యధిక వృద్ధిని సాధించిన ఆరవ నంబరు సర్వీసు వాహనము 'ఆదర్శ చైతన్య వాహనము'గా ఎంపిక చేయబడినది. సదరు వాహనమును ఒక సంవత్సర కాలము ప్రధాన కార్యాలయ ప్రాంగణమున ప్రజల సందర్శనార్థము నిలిపి ఉంచవలెను. వాహన చోదకుడు శ్రీ సన్నిబాబు సందర్శకులకు వివరించుటకై వాహనముతోపాటు రావలెను. ప్రత్యామ్నాయ వాహనము లేనందున సర్వీసు తాత్కాలికముగా నిలిపివేయడమైనది."

దానికి నా నోట్ నకలు జతపరిచి, నాకొక ప్రశంసాపత్రం కూడా పంపారు. కామేశం గారు దానికి ఫ్రేము కట్టించారు.

బస్సు తీసుకెళ్ళొద్దని రాశాను. కొండ మీద పదకొండు ఊళ్ళున్నాయని రాశాను. ఊళ్ళ చైతన్యం మెచ్చుకోదగినదని జవాబొచ్చింది. సన్నిబాబు అక్కణ్ణించి ఫోను చేశాడు. బస్సుని పచ్చగడ్డి మీద నిలబెట్టారట. చుట్టూ తాడు కట్టారట. ఇంజను స్టార్టు చేస్తే గడ్డి పాడవుతుందని చెయ్యనివ్వరట. "బాటరీ దిగిపోనాది గురువుగారూ. నానూ దిగిపోనాను" అన్నాడు.

పోయిన సోమవారం చిలకమ్మ ఆఫీసుకొచ్చింది. చేతిలో గంప లేదు. కొండ దిగి నడిచే వచ్చిందట, గుమ్మం ఎక్కడానికి తలుపు పట్టుకుంది.

"బస్సు రావట్లేదు బాబూ. సెడిపోనాదా?"

"లేదమ్మా" అన్నాను. అబద్ధం చెబుదామా అనిపించింది, నోరు రాలేదు. "బాగుపడింది. చాలా బాగుపడిందని పట్నం పట్టుకుపోయారు. అందరికీ చూపిస్తారట."

ఆవిడ నా మొహంలోకి చూసింది. వేళాకోళం చేస్తున్నానేమో అనుకున్నట్టుంది. చెయ్యడం లేదని అర్థమయ్యాక మెల్లిగా అడిగింది.

"అలగైతే ఎవురికీ తెలీకుండా కొంచెం సెడగొట్టీలేరా బాబూ? సెడిపోతే ఒదిలీస్తారు కదా. మూలుగుతాదో, ముక్కుతాదో, మాకొచ్చీస్తే సాలు. ఎనకాల నడిసొస్తాం."

నేను పెన్ను తీశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి, ఎవరికి ఏమని రాయాలో నాకు తోచలేదు.